అరువు న్యూట్రల్

ఈ ఊరి పేరు రాసేదొకటి, పలికేదొకటి.
కీత్లీ అంటారు.
తీగలూ అంతే ఇక్కడ,
రంగు చెప్పేదొకటి, లోపల నడిచేదొకటి.

మెట్ల కింద గూట్లో మోకాళ్ళ మీద కూచుని
పాత ఫ్యూజు బోర్డు పీకి కొత్తది బిగించాను.
మేడమీది లైట్లకొక బ్రేకరు, కిందివాటికొకటి.
మెట్ల లైటు వేశాను.
ఠక్.
రెండూ పడిపోయాయి.

కొత్త బ్రేకరుది చిల్లర కొట్టు చిట్టా.
పోయిందంతా తిరిగి రావాలి,
ముప్ఫై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే
కొట్టు కట్టేస్తుంది.

గంటన్నర వెతికాక దొరికింది:
ఆ లైటుకు కరెంటు పైనుంచి వస్తోంది,
పోవడం మాత్రం కిందింటి నల్లతీగలోంచి.
ఎవడో ఎప్పుడో రెండు గజాల తీగ మిగుల్చుకున్నాడు.
అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా?
కింద బ్రేకరు ఆపి, చచ్చిందనుకుని
ఆ నల్లతీగ విప్పినవాడి చెయ్యే
దానికి దారి.
షిప్లీలో ఒకసారి నా చెయ్యి అయింది.
సాయంత్రం దాకా స్పానరు పట్టలేదు.

టీ తెచ్చిన వినిఫ్రెడ్ హోల్‌రాయిడ్ గారికి చెప్పాను.
"వేసింది మా నాన్నే," అంది, కొంచెం కోపంగా.
తర్వాత మూడో మెట్టు మీద కూచుంది.
"పైన మ్యూరియల్ ఉండేది, మా చెల్లెలు.
పియానో దగ్గర తేడా వచ్చి
తొమ్మిదేళ్ళు మాటల్లేవు.
రాత్రి తను పైన ఈ లైటు వేసేది,
దిగి తలుపు గడియ చూసుకుని వెళ్ళేది.
నేను కింద ఆపేదాన్ని."

నిబంధన ఒప్పుకోదన్నాను.
కొత్త తీగ లాగాలి, గోడ చీల్చాలి.
ఆవిడ గోడకాగితం మీద చెయ్యి పెట్టింది.
మ్యూరియల్ అంటించిందట, అతుకుల దగ్గర పువ్వులు కలవలేదు.
"ఇంకో దారి లేదా?"

ఉంది.
రెండు లైవులూ, రెండు న్యూట్రళ్ళూ
ఒకే బ్రేకరు కిందికి తెచ్చాను.
ఇక పడితే ఇల్లంతా చీకటే, పైనా కిందా కలిసి.
"పడనీ," అంది.

కొలిచాను. కాగితంలో రెండు వరుసలు కొట్టేసి
ఒక్కటి రాశాను: లైట్లు.
ఆవిడ రెయిలింగు పట్టుకుని పైకెళ్ళింది,
చాలాసేపు పట్టింది.
పైన స్విచ్చి నొక్కిన చప్పుడు.

బ్రేకరు వైపు చూస్తూ ఉన్నాను.
టీ మీద మీగడ కట్టింది.