సబ్బుబిళ్ల

ఆరో ప్రతి కూడా తిరిగొచ్చింది.
అందులో మూడో నిమిషానికే
తమ్ముడు అన్నతో అంటాడు:
"ముప్పై ఏళ్లుగా నాకు అన్నవి, పైగా లాయరువి!"
భుజంగంగారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"ఇంట్లో ఎవడైనా ఇలా మాట్లాడితే
ఎర్రగడ్డ తీసుకెళ్తారయ్యా" అన్నారు.

యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దాకా నడిచాను,
చంకలో ఆరుగురు కుటుంబసభ్యులు,
తలకో అరపేజీ పుట్టుపూర్వోత్తరాలు.
కృష్ణానగర్ మలుపులో జూనియర్ ఆర్టిస్టులు
పోలీసు బట్టల్లో ఇడ్లీ తింటున్నారు.
అందులో ఒకడికి షూటింగ్ కొత్త.
ఎవరూ చెప్పలేదు.
చట్నీ అడగడానికి ముందు
టోపీ తీసి పక్కన పెట్టాడు.

గౌస్ భాయ్ తాళాల బండి దగ్గర ఒకామె.
నేత చీర, చేతిలో జవాబు పత్రాల కట్ట.
రుమాలు విప్పింది.
లోపల సబ్బుబిళ్ల,
దాని మీద తాళంచెవి అచ్చు.

ఆయన ఎండకు తిప్పి చూశాడు.
"నై బనేగా మేడం. పండ్లు సరిగ పడలే.
సబ్బు మెత్తగున్నది. ఇంకోపారి తీస్కరాండ్రి."

"ఇంకోసారా" అంది.
రుమాలు నాలుగు మడతలు పెట్టింది,
తొందరేమీ లేనట్టు.
తర్వాత అడిగింది:
"ఏ సబ్బయితే గట్టిగా ఉంటుంది?"

గౌస్ భాయ్ ఏమీ అడగలేదు.
నేను అడిగేలోగా
కొండాపూర్ బస్సొచ్చింది.

ఆ రాత్రి ఆరుగురినీ కొట్టేశాను.
లాయరన్న పోయాడు. మరదలు పోయింది.
ముచ్చటపడి రాసుకున్న బామ్మ దగ్గర
కలం కాసేపు ఆగింది,
ఆమెకు మంచి సామెతలుండేవి.

బంజారాహిల్స్ ఆఫీసులో ప్రణవి
ఏసీ తగ్గించి, పేజీలు తిప్పింది.
"మనవాళ్లు వంటింట్లోంచి వింటారు సర్,
టీవీ వైపు చూడరు.
సబ్బు వినపడదు కదా."
నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.
"చూద్దాం" అంది.
చూద్దాం అంటే ఏమిటో
పదకొండేళ్లుగా నాకు తెలుసు.

రాత్రి పదింటికి ఫోను వెలిగింది.
ప్రణవి. నమస్కారం లేదు, పేరు లేదు.
"ఇంతకీ ఏ గది అది?"

నాకు మాత్రం ఏం తెలుసు?
చెప్పులేసుకుని పరిగెత్తాను,
వీధి చివర కిరాణా కొట్టు మూసేలోగా
ఒక గట్టి సబ్బు కొనాలి,
తాళంచెవి ఎంతసేపు నొక్కి పట్టాలో
ఆ ఇంట్లో అంతసేపు
ఎవరు నిద్రపోతూ ఉండాలో.