యాభై అడుగులు

కాయితం ఇంగ్లీషులో వచ్చింది, కింద హిందీలో.
మా వీధిలో వంటింట్లో తెలుగు, కొట్లో ఒడియా.
మహారణా గారి మనవడు చదివి చెప్పాడు:
మీ బండి బ్యాటరీలో కొన్ని గడులు అనుమానమట.
ఎనభై దాటి చార్జి పెట్టకూడదట.
ఇంటికి యాభై అడుగుల దూరాన, ఆరుబయట ఉంచాలట,
మళ్లీ పిలిచేదాకా.

దమయంతి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసింది.
ఐదడుగుల టేపు, జాకెట్లకి సరిపోయేది.
గుమ్మం నుంచి పదిసార్లు పరిచాం,
ఒక కొస తను, ఒక కొస నేను.
తూర్పుకి యాభై అంటే మహారణా గారి అరుగు.
పడమటికి బిష్ణుప్రియ మావుసి పడుకునే గది గోడ.
పర్లాకిమిడిలో ఏ ఇంటికైనా
యాభై అడుగుల అవతల ఇంకో ఇల్లే ఉంటుంది.
కాయితం రాసినాయనకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మహారణా గారు దున్నకొమ్ముతో కొంగని చెక్కుతున్నారు.
కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
"కొమ్ము కాలేముందు వాసన చెబుతుంది.
నీది చెబుతుందా?" అన్నారు.
జవాబు లేక, బండి కిందకి వంగి వాసన చూశాను.
మట్టి. నిన్నటి వాన. చక్రానికంటిన పేడ.

చప్పుడు లేదని మురిసి కొన్న బండి ఇది.
పాత అంబాసిడరు పాడయ్యే నెల ముందు నుంచీ
దగ్గి, మూలిగి, నలుగురికీ చెప్పుకునేది.

విశాఖకి ఫోను చేస్తే, నంబరు ఒడిశాది కనక బరంపురం అన్నారు.
బరంపురానికి చేస్తే, కొన్నది విశాఖలో కనక విశాఖ అన్నారు.
చివరికి ఒకమ్మాయి జాలిపడి
"ఇక్కడికే తెచ్చేయండి సార్" అంది విశాఖ నుంచి.
నూట ఎనభై కిలోమీటర్లు.
ఎనభై శాతం మీద నా బండి నడిచేది నూట నలభై.
నరసన్నపేట దగ్గర ఒక చార్జరుంది,
దానికి గోనె కప్పి తాడు కట్టేశారు.
దారిలో ఎవరింట్లోనో తగిలిద్దామంటే,
ఎక్కడో బండి కాలిందని టీవీలో వచ్చాక
ప్లగ్గు ఇచ్చేవాడు లేడు.
నిండా పెడితే చేరతాను, పెట్టొద్దంటారు.
పెట్టకపోతే చేరను, రమ్మంటారు.
అదే చెబితే ఆ అమ్మాయి కాసేపు ఆగి
"రాసుకున్నాను సార్" అంది.

మంగళవారం తెల్లవారకుండా బుల్లెమ్మ గారు.
టెక్కలిలో రక్తం కడిగించాలి, వారానికి రెండుసార్లు.
ఎక్కేముందే చెప్పాను, దాచడం నాకు చేతకాదు.
వాచిన కాళ్లు ఒక్కోటీ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటూ
"నా కిడ్నీలకి ఎవుడూ కాయితం పంపలేదు బాబూ.
సేసినోడు తప్పు ఒప్పుకోడం
నానిదే ఇనడం. పోనీ బండి" అంది.
పాతపట్నం దాటాక నిద్రపోయింది.
నేను మాత్రం దారంతా
వినపడనిదాన్ని వింటూ తోలాను.

యాభై అడుగుల తీగ కొన్నాను.
రాత్రి బండి మావుసి గోడ పక్కనే.
అడగడానికి వెళితే "కిచ్ఛి హేబొ నాహిఁ" అంది,
ఏమీ కాదులే అని.
పొద్దుట చూస్తే చక్రం దగ్గర బకెట్టెడు ఇసక.
మనవరాలి మంచం వెనక గదిలోకి మారింది.
ఆ రెండిటి గురించీ ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు.
దమయంతి మాత్రం మావుసి కూతురి జాకెట్లు మూడు
కూలి తీసుకోకుండా కుట్టింది.

రెండింటికి అలారం పెట్టుకుంటాను.
ఎనభై కాకముందే లాగేయాలి.
ఈ వేళ లేచి వెళ్లేసరికి డెబ్బై తొమ్మిది.
తీగ చుట్టుకుంటుంటే కిటికీలోంచి చీకటి అడిగింది:
"కేతే?"
చెప్పాను.
రెక్క దగ్గరగా వేసిన చప్పుడు.
గడియ పడలేదు.