అన్ని పన్నులూ కలిపి

నల్లబల్ల మీద రెండు గీతలు గీశాను:
ఒకటి గిరాకీ, ఒకటి సరఫరా.
కలిసినచోట ధర, అన్నాను.
మూడో బెంచీలోంచి హేమలత లేచింది.
"మరి ఐసేదండీ?"

వాళ్లమ్మ బండెమ్మకి
ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద
తెల్లారకముందే పాట మొదలవుతుంది.
వలల నిండా పడిన రోజు
ఐసు దొరక్కపోతే
వంజరం కూడా కవళ్ల ధరకి తలొంచుతుంది.
"ఐసు కరిగితే ధరా కరుగుతాదండీ."
నా గీతల్లో ఎక్కడా తడి లేదు.

చాక్‌పీసు పక్కనపెట్టి అడిగాను:
జెట్టీకి ఎలా వెళ్తుంది మీ అమ్మ?
"సీకట్లోనండీ. స్తంభం ఉంది.
లైటే లేదు, దీపావళి ముందునుంచీ."

ఆ వారం పౌరశాస్త్రం
వార్డు సచివాలయం మెట్ల మీద జరిగింది.
ముప్పై ఒక్క సంతకాలు,
అందులో మూడు పెన్సిల్‌తో.
గుమాస్తా కాగితం తిరగేసి
"మీకు ఓటే లేదు కదర్రా" అని నవ్వాడు.
చెడ్డవాడేం కాదు. మంచినీళ్లిచ్చాడు.

దానేలు జేబులోంచి
నలిగిన బిస్కెట్ రేపరు తీసి
బల్ల మీద అరచేత్తో సాపుచేశాడు.
ధర పక్కన చీమతలంత అక్షరాల మీద
వేలు పెట్టాడు:
"అన్ని పన్నులూ కలిపేనండి.
నేనూ కట్టాను."

గుమాస్తా రసీదు రాశాడు.
దాని మీద ఒక నంబరు.

లైటింకా వెలగలేదు.
హేమలత ఆ నంబరు రోజూ
ఎక్కంలా అప్పజెప్పుకుంటోంది.
నేను పరీక్ష పేపరు తయారుచేస్తున్నాను.
ప్రభుత్వం అంటే ఎవరు? అయిదు మార్కులు.
జవాబు నాకూ సరిగ్గా రాదు,
ఐసు గీత ఎక్కడ గీయాలో కూడా.