తలకట్టు

వసుమతి మేడమ్ ఇచ్చిన కాగితం కన్నడంలో ఉంది.
తెలుగువి అయిపోయాయంట, వచ్చే వారం తెప్పిస్తానంది.
పర్లేదులే అన్నాను.
పీణ్యకొచ్చి నాలుగేళ్ళు.
బస్సు బోర్డులు చదివీ చదివీ
ఈ అక్షరాలు నాకు మేనత్త కూతుళ్ళు.
మన తలకట్టు టిక్కు కొట్టినట్టుంటుంది,
వీళ్ళది గీత గీసి కొస వంచినట్టు.
మిగతా ముక్కూ మొహం ఒకటే.

తాయి అన్నచోట తల్లి అనుకుని దాటాను.
మగు అన్నచోట ఆగి, మగపిల్లాడా అనుకున్నాను.
స్కానింగులో ఎంత అడిగినా చెప్పలేదే,
ఈ కాగితానికెట్లా తెలిసింది?
మగు అంటే పిల్ల. ఎవరైనా.

మూడో వరుసలో బిట్టు.
మా అక్క కొడుకుని ఇంట్లో పిలిచే పేరు.
తెలియకుండానే నవ్వొచ్చింది.
పక్కన ఇంకో ముక్క అతుక్కుని ఉంది: బిట్టుకొడువుదు.
అప్పుడు గుర్తొచ్చింది
కండక్టరు రోజూ నా వీపు మీద అరిచే మాట.
జాగా బిడి, దారి బిడి.
వదిలి, ఇవ్వడం.
బిడ్డలో ఉన్న బి, అదే గుడితో.

మేడమ్ తొందరపెట్టలేదు.
ఇప్పుడేం సంతకం వద్దు,
కాన్పయ్యాక, కమిటీ ముందర, అప్పటికీ నీకు అనిపిస్తేనే.
సంతకం పెట్టాక కూడా అరవై రోజులు నీవే అంది.
అతని సంగతి అడిగింది.
ఆ నంబరు ఇప్పుడు ఎవరో ముసలాయనది,
రెండోసారి చేస్తే హిందీలో తిట్టాడు. అదే చెప్పాను.

ఎవరు తీసుకుంటారు అన్నాను. చెప్పకూడదంట.
వాళ్ళింటికి లిఫ్ట్ ఉంటుందా అన్నాను.
ఎందుకడిగానో నాకే తెలీదు.
మేడమ్ నవ్వలేదు, అందుకు ఆమె నచ్చింది.
ఎవరూ తాగకపోతే పాలు ఎన్నాళ్ళకి ఇంకుతాయో
అడగాలని పొద్దున్నించి అనుకుని,
తీరా నోరు తెరిచి
రేషన్ కార్డు గురించి అడిగొచ్చాను.

రాత్రి రూములో ఐదుగురూ పడుకున్నాక
సఫూరా ఫోన్ లైటు పట్టింది.
డాక్టరమ్మ చెప్పిన తారీఖు మీద వేలు పెట్టి
అరవై లెక్కపెట్టాను. మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టాను,
లోపల తంతే లెక్క నిలవదు.
అరవై ఒకటో రోజు మంగళవారం.
మా వీధికి నీళ్ళొచ్చే రోజు.
"బిందెలు నేను పట్టుకొస్తాలే" అంది సఫూరా,
ఇంకా నాలుగు నెలలుందని మర్చిపోయి.

ఏం రాస్తున్నావే అంది తర్వాత.
కాగితం వెనక తెల్లగా ఉంటే
తెలుగులో ఒక్క మాట రాశాను.
పలికి చూసుకున్నాను, గొంతు దాటకుండా.
తలకట్టు పెట్టలేదింకా.