గుల్ల విడిచే రాత్రి

భీమవరం, జువ్వలపాలెం రోడ్డు,
హోటల్ రెండో అంతస్తులో మూడు రోజుల శిక్షణ.
పద్దెనిమిది మంది ఫౌండర్లం
మెడలో పేర్లు వేలాడేసుకుని
ఏసీ చలికి చేతులు కట్టుకుని కూర్చున్నాం.
రావులపాలెం ఆయనది అరటి నార,
అంబాజీపేట అమ్మాయిది కొబ్బరి పొట్టు ఇటుకలు.
నాది
చెరువులో ఊపిరి తగ్గితే
ఫోన్‌లో అరిచే డబ్బా.

నిరుపమ గారు బోర్డు మీద
"స్కేల్" అని రాసి ఒక గీత గీశారు.
అది కాసేపు పాకింది, తర్వాత నిక్కింది,
చివరికి బోర్డు దాటి గోడెక్కింది.
నాకు తెలిసిన స్కేలు
మా నాన్న రొయ్యలు తూచే కాటా ఒక్కటే.
ముప్పై కౌంటంటే ఆ పూట ఇంట్లో నవ్వు,
నూరంటే
పళ్లేల చప్పుడు.

"మీరు లేకపోతే మీ కంపెనీలో
ఏది ఆగిపోతుందో రాయండి."
పది నిమిషాలు ఇచ్చారు.
పక్కాయన ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాడు.
నేను కాగితం తిప్పి వెనక కూడా రాశాను.
రాత్రి రెండింటికి అలారం మోగితే ఎత్తేది నేను.
ఉండి ఫీడరు పోతే లైన్‌మేన్‌ని లేపేది నేను.
యండగండి భాస్కర్రాజు గారికి చెవుడు,
ఆయనకి కాదు, చెరువు మీదుండే మోషేకి
ఫోను కొట్టాలని తెలిసింది నాకు.
ప్రోబుకి పాచి పడితే అబద్ధం చెబుతుంది,
గుడ్డతో తుడిస్తే ఒప్పుకుంటుంది,
అదీ నాకే తెలుసు.
డెబ్బై మూడు చెరువులు.
డెబ్బై మూడు నిద్రలు, అన్నీ నావే.

నిరుపమ గారు రెండు వైపులా చదివి
"ఇది కంపెనీ కాదమ్మా, కాపలా" అన్నారు.

ఒళ్లు మండింది. టీ వేళ సమోసా ముట్టలేదు.
కిటికీ అవతల యనమదుర్రు
గుర్రపుడెక్కని మోసుకుంటూ నల్లగా పోతోంది.
ధవళేశ్వరం దగ్గర గోదారి
తనని తాను పంచుకోకపోతే
ఇక్కడ ఒక్క మడీ తడవదని
చిన్నప్పుడు మాస్టారు చెప్పేవారు.
నిజమే గానీ,
ఈ డ్రెయిను వాసన చూశాక
పంచుకోవడం మీద నాకంత నమ్మకం లేదు.

రెండో రోజు నా వంతు వచ్చింది.
స్లైడ్లు పక్కనపెట్టి రొయ్య గురించి చెప్పాను.
అది మనం గీసినట్టు పెరగదండీ.
గుల్ల అంతే ఉంటుంది, లోపల ఇరుకవుతుంది.
ఏ అమావాస్యకో ఆ గుల్ల విడిచేస్తుంది.
ఆ కాసేపూ ఒళ్లంతా మెత్తన.
గాలి మామూలు కంటే ఎక్కువ కావాలి.
కొరికి తినేది ఏ పిట్టో కాదు, పక్క రొయ్యే.
పెరిగేది అప్పుడే.
చచ్చేదీ అప్పుడే.

హాలు కాసేపు ఏసీ మోత విన్నది.
నిరుపమ గారు లేచి
గీత తుడిచేసి
మెట్లు గీశారు.

ఆ రాత్రే అమావాస్య.
నిరుడు దాకా షెడ్డులో రొయ్యల తలలు తీసిన నూకరత్నానికి
అలారం ఫోను, నల్లట్ట పుస్తకం ఇచ్చొచ్చాను.
లైన్‌మేన్ నంబరు, మోషే నంబరు, గుడ్డ సంగతి,
అన్నీ అందులో ఉన్నాయి.
నా ఫోను రిసెప్షన్‌లో పెట్టించి పడుకున్నాను.
పడుకున్నానంటే,
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.
మూడే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

తెల్లారి రత్నం పేజీ ఫొటో పంపింది.
2:10 ఆక్సిజన్ రెండు పాయింట్ ఆరు.
2:14 మోషే ఎత్తాడు, తువ్వాలుతో తుడిచి చూశాడు.
పాచి కాదు, నిజమే.
2:31 జనరేటరు.
3:25 మూడు పాయింట్ ఎనిమిది.
కింద, వంకర అక్షరాల్లో, టీ తాగాను.

"హోటలుకి ఫోను చేయించొచ్చుగా, నన్ను లేపలేదేం?" అన్నాను.
"నువ్వెందుకక్కా?" అంది.
ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో,
నిజంగానే అడిగింది.

మూడో రోజు అదే కుర్చీ, అదే కాగితం.
మొదటి వాక్యం కొట్టేశాను.
పెన్ను ఆగలేదు, రెండోదీ కొట్టేశాను.
పక్కాయన తొంగిచూసి ఏదో అన్నాడు, వినలేదు.
ఒంటి మీద ఏమీ లేనట్టు
ఏసీ చలి
సూటిగా వచ్చి తగిలింది.