మరొక చెయ్యి

ఇక్కడ సిరాకి ప్రవేశం లేదు.
కలాలు గుమ్మం దగ్గరే వదిలి
పెన్సిలు ముక్కతో లోపలికి రావాలి.
తార్తూ పట్నంలో నది గడ్డకట్టే నెలల్లోనూ
ఈ నేలమాళిగ మాత్రం మారదు:
పదహారు డిగ్రీలు, కొలిచి వదిలిన తేమ.
నా మోకాళ్ళకి గిట్టదు, కాగితాలకి హాయి.

ఇరవై ఆరేళ్ళుగా పెట్టెలు మోస్తున్నాను.
నేను చదివింది తక్కువ,
ఎవరేం చదువుతున్నారో మాత్రం నాకు తెలుసు.

ఈ ఏడు అందరికీ ఒకటే పెట్టె కావలసొచ్చింది,
పదకొండు వందల నలభై ఏడు.
ఎక్కడో చిన్న దీవి, దాని మీద దీపస్తంభం,
కాపరి మాదిస్ రాసిన రోజువారీ పుస్తకాలు తొమ్మిది.
ఉప్పుగాలికి అట్టలు బొబ్బలెక్కాయి,
విప్పితే ఇప్పటికీ చేపనూనె వాసన.

ముందు ఉర్మస్ వచ్చాడు, మంచు మనిషి.
సముద్రం ఏ తేదీన గట్టిపడింది, ఎంత మందం;
మిగతాదంతా అతని కంటికి తెల్ల కాగితం.
తర్వాత పిరెట్, యాసల పిల్ల,
ఒక్కో మాటనీ ముల్లు తీసినట్టు తీసి
నాలుక మీద వేసుకుని గొణుక్కునేది.
రీగా నుంచి ఇల్జె, దీపం నూనెకి లెక్కలు.
ఇంకొకాయన, పేరు నా నోరు తిరగదు,
అద్దానికి కొట్టుకుని రాత్రిళ్ళు రాలిన పిట్టల్ని
వందేళ్ళ తర్వాత మళ్ళీ లెక్కపెట్టాడు.

బల్ల నుంచి బల్లకి నేను బండి తోస్తుంటే
నలుగురిలో ఒక్కరూ తలెత్తలేదు.

పోతూ పోతూ చీటీలు రాసిచ్చారు,
దస్త్రంలో కనబడిన లోపాలు, నియమం ప్రకారం.
ఉర్మస్: ఐదో పుస్తకం నడుమ నుంచి అంగుళాలు లేవు, జానలున్నాయి.
కొలబద్ద పోయినట్టుంది. రేవు లెక్కతో పోలిస్తే జాన ఏడంగుళాలే.
పిరెట్: తీరం మాటలు ఆగి, లోపలి పల్లెల మాటలు మొదలయ్యాయి.
ముసలితనంలో చిన్ననాటి భాష నోటికొస్తుందేమో.
ఇల్జె: ఖర్చు ఐదో వంతు తగ్గింది. మేలురకం నూనె?
పక్షులాయన: ఇక్కణ్ణించి చచ్చినవే కాదు,
సొమ్మసిల్లి, తేరుకుని, ఎగిరిపోయినవీ రాశాడు. ఎందుకో తెలియదు.

నాలుగు చీటీలూ
ఒకే వారం మీద వేలు పెట్టాయి.

ఆ సాయంత్రం తాళాలు వేసే ముందు పుస్తకం తెరిచాను.
సంతకం అదే. మాదిస్.
కాకపోతే మొదటి అక్షరం మూడుచోట్ల ఆగి ఆగి దిగింది,
చూసి రాసే చెయ్యి దిగినట్టు.
బల్ల అంచు కొలతగీతల మీద నా జాన పరిచాను.
ఏడంగుళాలు.

ఆయన ఏమయ్యాడో తెలియదు,
మంచంలో ఉన్నాడో, మంచు కింద ఉన్నాడో.
తెలిస్తే పడవ వస్తుంది, కొత్త కాపరి దిగుతాడు,
ఆవిడ మూటతో ఎక్కాలి.
అందుకని పదకొండు చలికాలాలు
ఒత్తిని గోటితో గిల్లి సన్నం చేసింది,
గడ్డ మీద వంగి అరచెయ్యి చాచి కొలిచింది,
పడిన పిట్టని కొంగులో పెట్టుకుని
ఊపిరి తిరిగి వస్తుందా అని కూర్చుంది,
వచ్చినప్పుడు అదీ రాసింది.
ఓడలు మాత్రం ఎప్పట్లాగే తోవ తప్పకుండా పోయాయి.

నలుగురికీ ఉత్తరాలు రాశాను.
ఉర్మస్ బదులిచ్చాడు: ఆసక్తికరం,
అయితే నా సగటుల్లో తేడా రాదు.
ఇద్దరు జవాబివ్వలేదు.
పిరెట్ ఫోను చేసి, చాలాసేపు
ఏమీ మాట్లాడలేదు.

సూచిక కార్డులో రాసినవారి గడి ఒకటే.
ఆవిడ పేరు తొమ్మిది పుస్తకాల్లోనూ లేదు,
తనే రానివ్వలేదు.
కింద పెన్సిలుతో రాశాను:
మరొక చెయ్యి, ఐదో పుస్తకం నుంచి.
రాసి, ఎందుకో,
దాని మీద నా జాన చాచి పెట్టాను.

కార్డు చాలలేదు.