కురోసే ఆఖరి బంతి

మిల్లు గేటుకి నోటీసు అంటించి నాలుగు నెలలు.
గోగునార వాసన నా చొక్కాల్లోంచి ఇంకా పోలేదు.
ఐదింటికి సైరన్ కూయకపోయినా మెలకువొస్తోంది.
లేచి ఏం చెయ్యాలో తెలీక
మా గుంట ఫోన్లో చూసే మనిషిని
నేనూ చూస్తున్నాను.

కురోసే అట. జపాను. ఎడమచేతి వాటం.
"మాది కిందనించి ఇసిరే సాఫ్ట్‌బాలు,
ఆడిది పైనించి ఇసిరే బేస్‌బాలు నాన్నా,
అయినా వేళ్ళ పట్టు సూడు" అంటుంది లిఖిత.

పద్దెనిమిదేళ్ళకే తీసుకున్నారట, చాలా పెద్ద మాటలు చెప్పి.
నన్నూ పద్దెనిమిదికే తీసుకున్నారు, ఏ మాటా చెప్పకుండా,
స్పిన్నింగులో, మా బాబు టోకెన్ నంబరు మీద.

పద్నాలుగేళ్ళు ఆడాడు.
అందులో పదకొండు రెండో జట్టులోనే.
ఖాళీ బెంచీలు, మిట్టమధ్యాహ్నపు ఎండ,
తన సంచీ తనే మోసుకునే బస్సు ప్రయాణాలు.
పెద్ద మైదానంలో, దీపాల కింద గెలిచినవి మూడు.
మూడే.
ఓడినవి లిఖిత లెక్కపెట్టింది గాని నాకు చెప్పలేదు.

ఒకసారి మోచెయ్యి కోసి
మణికట్టులో నరం తీసి అక్కడ కుట్టారట.
నా చూపుడువేలు కొస బాబిన్ తినేసింది గనక
అక్కడ వీడియో ఆపి మళ్ళీ చూశాను.
కట్టు విప్పిన రోజు అతను బంతి విసరలేదు.
ఊరికే పట్టుకుని కూచున్నాడు,
జామకాయ దోరగా ఉందో లేదో చూసినట్టు.

అక్టోబరులో ఫోనొస్తుందట వాళ్ళకి.
"రేపు సూటు వేసుకుని రండి" అంటే
ఇంక వద్దని అర్థం.
మాకు సూటు అక్కర్లేకపోయింది.

వాళ్ళ దగ్గర ఒక మర్యాద ఉంది.
వెళ్ళిపోయేవాడి ఆఖరి బంతికి
బ్యాటు పట్టినవాడు గాలిని కొట్టి పక్కకి జరుగుతాడు.
కురోసేకి ఎదురు నిలబడ్డది మొన్నే చేరిన పిల్లాడు.
మర్యాద తెలీదో, తెలిసే చేశాడో,
కొట్టాడు.
బంతి కంచె దాటి ఎవరి కారు మీదో పడింది.
జనం కిక్కురుమనలేదు.
కురోసే టోపీ తీసి వంగాడు.
లేచేసరికి నవ్వుతున్నాడు.

"ఆ గుంటడు మంచి పని సేసినాడు" అంది మా ఆవిడ,
చింతపిక్కలు తీస్తూ,
అప్పటిదాకా తలెత్తనిది.

శుక్రవారం జిల్లా జట్టుకి సెలక్షన్లు.
దమయంతి మేడం పేరు పంపింది.
సాయంత్రం మిల్లు వెనక గోడ దగ్గర
నా చేతికి బ్యాటిచ్చి
నలభై మూడు అడుగులు కొలిచి నిలబడింది లిఖిత.
మొదటి బంతి తప్పాను.
రెండోదీ తప్పాను.
మూడోదానికి నా దగ్గరకే నడిచొచ్చింది, నడుం మీద చెయ్యి.
"జాలిపడి తప్పకు నాన్నా. నాకు తెలిసిపోతంది."

నాలుగోది బ్యాటుకి తగిలిన చప్పుడు
చంపావతి అవతలి గట్టు దాకా వెళ్ళి ఉంటుంది.
గోడ మీంచి, తుప్పు రేకుల మీంచి,
నాలుగు నెలలుగా షిఫ్టు దిగని ఆవరణలోకి.

ఉన్నదొక్కటే బంతి.
ముందు వైపుకి పరిగెత్తి గేటు కొట్టాం ఇద్దరం.
"ఎవులది?" అన్నాడు లోపల్నించి గవరయ్య.
"బంతి" అంది లిఖిత.
తాళాల గుత్తి చాలాసేపు వెతుక్కుంది.
గేటు కీచుమని
ఒక మనిషి పట్టేంత తెరుచుకుంది.

నేను కాలు పెట్టలేదు.
తనే వెళ్ళింది.